ఏడాదిలో మూడుసార్లు ప్లేట్‌లెట్లు పడిపోయాయి, ప్లీహం తీసేయాలంటున్నారు – అనుభవం ఉన్నవారు చెప్పండి

వానచినుకు
అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

మా అమ్మ వయసు 63. పద్నాలుగు నెలల్లో మూడుసార్లు ప్లేట్‌లెట్లు అమాంతం పడిపోయాయి. మొదటిసారి 9,000, రెండోసారి 4,000, పోయిన నెల 7,000. ఉండవలసింది లక్షన్నర పైన. మూడుసార్లూ ఒకటే వరుస. ముందు మోకాళ్ళ కింద గుండుసూదితో పొడిచినట్టు ఎర్రటి చుక్కలు వస్తాయి, వేలితో నొక్కినా వాటి రంగు పోదు. ఆ తర్వాత రక్తపోటు చూసే పట్టీ చుట్టిన చోట చేతికి నీలంగా కంకణంలాంటి మచ్చ. రెండోసారి బుగ్గల లోపల గురివింద గింజంత నల్లటి రక్తపు పొక్కులు కూడా వచ్చాయి. వాటిని చూసి డాక్టరుగారు అప్పటికప్పుడు చేర్చుకున్నారు.

ప్రతిసారీ స్టెరాయిడ్ ఇచ్చారు, వారం పది రోజుల్లో రెండు లక్షలు దాటింది. ఐటీపీ అన్నారు, అంటే సొంత రోగనిరోధక వ్యవస్థే ప్లేట్‌లెట్లను నాశనం చేసే జబ్బు. ఎముక మజ్జ పరీక్షలో లోపమేమీ కనబడలేదు. ఇన్నిసార్లు తిరగబెట్టింది కాబట్టి ప్లీహం (కడుపులో ఎడమవైపున ఉండే అవయవం, ప్లేట్‌లెట్లను ఏరేసేది ఎక్కువగా అక్కడే) తీసేయడం మంచిదంటున్నారు. అమ్మ విసిగిపోయి "తీసేయమను, ఈ సూదులు ఇక నావల్ల కాదు" అంటోంది. నాకే మనసొప్పడం లేదు. తీయించుకున్నవారు ఎవరైనా ఎలా ఉందో చెప్పగలరా?

పాతరేకు
నేను తీయించుకున్నాను, పదకొండేళ్ళయింది. ఆపరేషన్ కన్నా ఆ తర్వాత జీవితాంతం ఉండే జాగ్రత్తే పెద్దది. ప్లీహం లేనివారికి కొన్ని సూక్ష్మక్రిములు చాలా వేగంగా ప్రాణం మీదకు తెస్తాయి. ఆపరేషన్‌కు ముందే న్యుమోకాకస్, మెనింగోకాకస్, హిబ్ టీకాలు వేస్తారు. ఇప్పటికీ కాస్త జ్వరం తగిలినా "రేపు చూద్దాంలే" అనే వీలు నాకు లేదు.

మీరు రాసినదాంట్లో ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదు. స్టెరాయిడ్ ఆపగానే నాకు ప్లేట్‌లెట్లు మళ్ళీ ముప్పై వేలకు జారేవి, ఏళ్ళ తరబడి అదే గోల. మీ అమ్మగారికి మధ్యలో ఎలా ఉంటోంది? మందేమీ లేకుండా ఎన్నాళ్ళు నిలిచాయి?

వానచినుకు
మీ జవాబుకు కృతజ్ఞతలండీ. మొదటిసారి స్టెరాయిడ్‌ను మూడు వారాల్లో తగ్గించి ఆపేశారు. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఏమీ వాడలేదు. నెలనెలా పరీక్ష చేయించాం, ఎప్పుడూ రెండు లక్షలకు తగ్గలేదు. రెండోసారి తర్వాత కూడా అంతే. నిక్షేపంగా ఉంటుంది, ఉన్నట్టుండి కూలిపోతుంది.

సూక్ష్మదర్శిని
పరీక్షాశాలలో పనిచేస్తాను కాబట్టి నా వంతు ఒక మాట. ప్లేట్‌లెట్లు తక్కువ అని వస్తే నేను ముందు రక్తపు చుక్కను అద్దం పలక మీద పూసి చూస్తాను. రక్తం తీసే గొట్టంలో ఉండే ఈడీటీఏ అనే రసాయనం వల్ల కొందరి ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి, యంత్రం ఆ గుంపులను లెక్కలోకి తీసుకోదు. మనిషికి ఏ జబ్బూ ఉండదు, కాగితం మీద మాత్రం ఇరవై వేలు. సిట్రేట్ గొట్టంలో తీస్తే చాలాసార్లు నిజం బయటపడుతుంది. కానీ మీ అమ్మగారికి చుక్కలు, పొక్కులు వచ్చాయి కదా, ఇది ఆ కోవలోది కాదు. చదివే మిగతావారి కోసం రాశాను.

మాత్రలపెట్టె
వానచినుకు గారూ, నేను ఫార్మసిస్టును. పాతరేకు గారు పట్టుకున్నదే నాకూ అనుమానం కలిగించింది. ఎనిమిది నెలలు చెక్కుచెదరకుండా ఉండి ఒక్క వారంలో నాలుగు వేలకు పడిపోవడమంటే బయటినుంచి ఏదో లోపలికి వెళ్ళిందేమో చూడాలి.

ఓపిగ్గా ఒక పని చేయండి. ఒక కాగితం మీద, మూడుసార్లకూ విడివిడిగా, చుక్కలు కనబడిన తేదీ వేయండి. అక్కడినుంచి వెనక్కి రెండు వారాలు లెక్కపెట్టి ఆ రోజుల్లో అమ్మగారు మింగినది, పూసుకున్నది, చుక్కలుగా వేసుకున్నది అంతా రాయండి. "ఒక్క మాత్రేగా" అనుకున్నది ముఖ్యంగా రాయండి.

వానచినుకు
రోజూ వాడేవి రెండు: రక్తపోటుకు అమ్లోడిపిన్, థైరాయిడ్ మాత్ర. రెండూ తొమ్మిదేళ్ళుగా వాడుతోంది. ఎప్పుడైనా పారాసిటమాల్.

మూడుసార్లూ అంతకుముందు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. ఆ ఇన్‌ఫెక్షనే ప్లేట్‌లెట్లను పడగొడుతోందని ఒక డాక్టరుగారు అన్నారు, మేమూ అదే అనుకున్నాం. దానికి యాంటీబయాటిక్ మాత్రలు వాడింది కానీ మూడుసార్లూ వేర్వేరు మందులు.

మాత్రలపెట్టె
వేర్వేరు మందులా, వేర్వేరు పేర్లా?

అట్ట మీద పెద్దక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని కింద, కళ్ళజోడు పెట్టుకుంటే తప్ప కనబడని చిన్నక్షరాల్లో ఉండేది అసలు మందు. దయచేసి ఆ చిన్నక్షరాలు చూసి రాయండి.

ఎండుగడ్డి
ఇంత పరిశోధన ఎందుకండీ? ఈ మాత్రలన్నీ విషమే. మా ఇంట్లో అన్నీ మానేశాం, హాయిగా ఉన్నాం. మొక్కల నుంచి వచ్చే మందులు వాడండి, వాటితో ఏ బాధా ఉండదు.

కాపలాదీపం (నిర్వాహకులు)
ఎండుగడ్డి గారూ, "అన్నీ మానేయండి" అనే మాట ఇక్కడ వద్దు. గుండె కవాటం మార్పించుకున్నవారు, మూర్ఛకు మందు వాడేవారు కూడా ఈ చర్చ చదువుతారు. వారు ఉన్నపళంగా మందు మానేస్తే జరిగేది రక్తస్రావం కన్నా ఘోరంగా ఉండవచ్చు. ఏది ఆపాలన్నా మందు రాసిన డాక్టరును అడిగాకే. ఒంటి మీద చుక్కలతో పాటు నోట్లో పొక్కులు, నల్లటి మలం, మూత్రంలో రక్తం, భరించలేని తలనొప్పి ఉంటే ఇక్కడ రాస్తూ కూర్చోకండి, అత్యవసర విభాగానికి వెళ్ళండి.

మాత్రలపెట్టె
మొక్కల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మందు వల్ల ఒంటి మీద రక్తపు మచ్చలు వస్తాయని వైద్యులు 1865లోనే రాశారు, ఆ మందు క్వినైన్. అది సింకోనా చెట్టు బెరడు నుంచి వచ్చేదే. రాత్రుళ్ళు పిక్కలు పట్టేస్తున్నాయని క్వినైన్ మాత్రలు వేసుకుని ప్లేట్‌లెట్లు పోగొట్టుకున్నవారు ఎందరో. టానిక్ వాటర్ అనే చేదు పానీయంలో ఉండే కాస్త క్వినైన్ కూడా కొందరికి చాలు. అమెరికాలో పిక్కల నొప్పికి చీటీ లేకుండా దాన్ని అమ్మడం 1994లో ఆపేశారు.

ఇక మీరు పెట్టుకున్న పేరు. 1920లలో ఉత్తర అమెరికాలో పశువులు కొమ్ము కోసినా ఆగని రక్తస్రావంతో చచ్చిపోయేవి. కారణం బూజుపట్టిన స్వీట్ క్లోవర్ అనే ఎండుగడ్డి. విస్కాన్సిన్‌లో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డి నుంచి రక్తాన్ని గడ్డకట్టనివ్వని డైకుమరాల్‌ను వేరుచేసింది. దాని వంశంలోనిదే వార్ఫరిన్, ముందు ఎలుకల మందు, 1954 నుంచి మనుషుల మందు. మీ మీద కోపంతో రాయలేదు, పేరు చూడగానే నోరు ఊరుకోలేదు.

ఎండుగడ్డి
పేరు ఊరికే పెట్టుకున్నానండీ. సరే, వింటున్నాను.

వానచినుకు
ఇప్పుడే మందుల డబ్బా బోర్లించాను. చేతులు వణుకుతున్నాయి.

మొదటిసారి చీటీ దొరికింది. రెండోసారి వాడిన అట్టలో ఇంకా నాలుగు మాత్రలున్నాయి. మూడోసారిది పోయిన నెలదే. మూడు కంపెనీలు, మూడు పేర్లు, ఒక అట్ట ఆకుపచ్చ, ఇంకొకటి వెండిరంగు. చిన్నక్షరాలు మాత్రం మూడింటికీ ఒకటే: సల్ఫామెథాక్సజోల్, ట్రైమెథోప్రిమ్.

కాగితం కూడా రాశాను. మొదటిసారి మాత్రలు మొదలుపెట్టిన ఎనిమిదో రోజున చుక్కలు వచ్చాయి. రెండోసారి మొదలుపెట్టిన మర్నాటి ఉదయానికే, అప్పటికి వేసుకున్నది రెండు మాత్రలు. మూడోసారి పొద్దున ఒకటి వేసుకుంది, సాయంత్రానికి వణుకు పుట్టింది, రాత్రికి చుక్కలు. ఇన్‌ఫెక్షన్ ముదిరి వణుకు వస్తోందని మేమనుకున్నాం. ఆ రాత్రి ఇంకో మాత్ర నా చేత్తోనే ఇచ్చాను.

మాత్రలపెట్టె
మీ చేత్తో ఇచ్చారని కుమిలిపోకండి. చీటీలో ఉన్నదే ఇచ్చారు.

ఇది ఎలా జరుగుతుందో చెబుతాను. మామూలు ఐటీపీలో యాంటీబాడీ (శత్రువులను పట్టుకోవడానికి శరీరం తయారుచేసుకునే ప్రొటీన్) నేరుగా ప్లేట్‌లెట్‌ను పట్టుకుంటుంది, రోజూ పట్టుకుంటుంది. మందు వల్ల వచ్చేదాంట్లో ఆ యాంటీబాడీకి ఒంటరిగా ప్లేట్‌లెట్‌ను పట్టుకునే బలం ఉండదు. రక్తంలో మందు ఉన్నంతసేపే పట్టుకుంటుంది. మందు అణువు ప్లేట్‌లెట్ పైనున్న ప్రొటీన్‌కూ యాంటీబాడీకీ మధ్య జిగురులా దూరి రెండింటినీ అతికిస్తుంది. అతుక్కున్న ప్లేట్‌లెట్‌ను శరీరం శత్రువనుకుని ఏరేస్తుంది. మందు వెళ్ళిపోతే జిగురు పోయినట్టే. యాంటీబాడీ ఏళ్ళ తరబడి రక్తంలో తిరుగుతున్నా ఏమీ చేయలేదు, మళ్ళీ ఆ మందు వచ్చేవరకూ.

అందుకే మొదటిసారి ఎనిమిది రోజులు పట్టింది, యాంటీబాడీ తయారయ్యే వ్యవధి అది. మామూలుగా ఒకటి రెండు వారాలు. తర్వాత అది సిద్ధంగా ఉంది కాబట్టి గంటలు చాలు. వణుకు, జ్వరం దానితో పాటు రావడం తెలిసిన సంగతే. ప్లేట్‌లెట్లు ఇరవై వేల కిందికి పోవడం కూడా ఈ జబ్బు తీరే.

ఇక స్టెరాయిడ్. ఆసుపత్రిలో చేరిన రోజున యాంటీబయాటిక్ మారుస్తారు లేదా ఆపేస్తారు. అదే రోజు స్టెరాయిడ్ మొదలవుతుంది. వారంలో ప్లేట్‌లెట్లు లేస్తాయి. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగాయి, పేరు కాకికి దక్కింది. డాక్టర్లను తప్పుపట్టడం లేదు, ఆ రాత్రి 4,000 చూసినప్పుడు ఐటీపీ కాదని ఎవరూ తేల్చలేరు, స్టెరాయిడ్ ఇవ్వక తప్పదు. మూడోసారికైనా తేదీలు పక్కపక్కన పెట్టి చూడవలసింది, అంతే.

ఒక ప్రశ్న మిగిలింది. ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. ఈ మందు వాడకుండా ఇన్‌ఫెక్షన్ మాత్రమే వచ్చిన సందర్భం ఏదైనా ఉందా?

వానచినుకు
ఉంది! మొదటిసారికీ రెండోసారికీ నడుమ ఒకసారి వచ్చింది. అప్పుడు నైట్రోఫురాంటోయిన్ అనే వేరే యాంటీబయాటిక్ ఇచ్చారు, ఇప్పుడే చీటీ చూశాను. ఆ వారంలో చేసిన పరీక్షలో ప్లేట్‌లెట్లు 2,30,000.

పాతరేకు
ఆ కాగితం, ఆ చీటీ, ఆ రెండు అట్టలు పట్టుకుని డాక్టరుగారి దగ్గరకు వెళ్ళండి. ప్లీహం ఎక్కడికీ పోదు, వచ్చే నెలా అక్కడే ఉంటుంది.

నడిచేనీడ
ఈ చర్చ చదివాక మా బాబాయి సంగతి రాయకుండా ఉండలేకపోతున్నాను. ఆయనది ప్లేట్‌లెట్ల గొడవ కాదు.

క్షయకు మందులు వాడుతున్నారు, అయిదో నెల. మంచం అంచు తగిలిందంతే, తొడ గుండ్రంగా వాచి, చర్మం నల్లబడి, రెండు రోజుల్లో హిమోగ్లోబిన్ సగానికి వచ్చింది. పరీక్షలు చేశారు. ప్లేట్‌లెట్లు బాగున్నాయి, రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం చూసే రెండు పరీక్షల్లో పీటీ బాగుంది, ఏపీటీటీ బాగుంది. మూడు కాగితాల్లోనూ "సాధారణం". మనిషి కళ్ళముందే పాలిపోతున్నారు. దెబ్బ గట్టిగా తగిలి ఉంటుందని, దాస్తున్నారని కూడా అన్నారొకరు.

చివరికి ఒక పెద్దావిడ, రక్తవ్యాధుల నిపుణురాలు, చిన్న పరీక్ష చేయించారు. గడ్డకట్టిన రక్తాన్ని యూరియా ద్రావణంలో వేసి ఉంచారు. మామూలు గడ్డ మర్నాటికీ అలాగే ఉంటుంది. బాబాయిది కాసేపట్లోనే కరిగి మాయమైంది. గడ్డ కట్టడం వరకూ సరిగ్గానే ఉంది, దాన్ని బిగించి నిలబెట్టే ఫ్యాక్టర్ 13 అనే ప్రొటీన్ పనిచేయడం లేదు. క్షయ మందుల్లో ఒకటైన ఐసోనియాజిడ్ వల్ల ఆ ప్రొటీన్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీ పుట్టిందన్నారు. పీటీ, ఏపీటీటీ గడ్డ కట్టేదాకానే చూస్తాయి, ఆ తర్వాతి సంగతి వాటికి తెలియదు.

ఐసోనియాజిడ్ తీసేసి మరో మందు పెట్టారు, ఫ్యాక్టర్ 13 ఎక్కించారు, స్టెరాయిడ్ ఇచ్చారు. తొడ మెత్తబడడానికి రెండు నెలలు పట్టింది. ఇది చాలా అరుదు, దయచేసి ఎవరూ క్షయ మందులు మానేయకండి.

సూక్ష్మదర్శిని
యూరియా పరీక్ష చాలాచోట్ల ఎవరో అడిగితేనే చేస్తారు. అడిగినవారికి నా నమస్కారం.

ఇలాంటిదే ఇంకొకటి, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఫ్యాక్టర్ 8 అనే ప్రొటీన్ మీద యాంటీబాడీ పుట్టడం. పుట్టుకతో హీమోఫీలియా (రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు) లేని మనిషికి నడివయసు దాటాక ఒళ్ళంతా కమిలిన మచ్చలు వస్తాయి. ఏడాదికి పది లక్షల మందిలో ఒకరిద్దరికి వస్తుందంటారు. సగం మందిలో కారణం దొరకదు, ప్రసవం, కేన్సర్, ఇతర రోగనిరోధక జబ్బులతో పాటు పెన్సిలిన్, ఫెనిటాయిన్, ఇంటర్ఫెరాన్ లాంటి మందులనూ అనుమానిస్తారు. ఏపీటీటీ పెరిగి ఉంటే రోగి ప్లాస్మాను, అంటే రక్తంలోని ద్రవభాగాన్ని, ఆరోగ్యవంతుల ప్లాస్మాతో సగం సగం కలిపి మళ్ళీ చూస్తాం. గడ్డకట్టే సమయం సరిపోతే ఏదో ఫ్యాక్టర్ తక్కువైందని, సరిపోకపోతే యాంటీబాడీ అడ్డుకుంటోందని. ఇక్కడొక మెలిక ఉంది: కలిపిన వెంటనే చూస్తే సరిపోయినట్టే కనబడవచ్చు. 37 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాలి, అప్పుడు దొంగ దొరుకుతాడు. తొందరపడి వెంటనే చూసి "బాగుంది" అని పంపేసిన కాగితాలు నేను చూశాను.

పల్లకి
మా నాన్నగారు వార్ఫరిన్ వాడతారు. పంటి చీముకు మెట్రోనిడజోల్ ఇచ్చారు, అయిదో రోజున చిగుళ్ళ నుంచి రక్తం ఆగలేదు, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్ 8 దాటింది. ఇది కూడా యాంటీబాడీయేనా? ఇక జన్మలో మెట్రోనిడజోల్ వాడకూడదా?

మాత్రలపెట్టె
కాదండీ, ఇది వేరు. వార్ఫరిన్‌ను కాలేయం విరగ్గొట్టే దారికి మెట్రోనిడజోల్ అడ్డుపడింది, అదే మోతాదు రెట్టింపు పని చేసింది. కోట్రైమాక్సజోల్ (పైన చెప్పిన సల్ఫామెథాక్సజోల్, ట్రైమెథోప్రిమ్ జంటే), ఫ్లుకొనజోల్, అమియోడరోన్ కూడా అలాగే చేస్తాయి. తప్పనిసరైతే డాక్టరు వార్ఫరిన్ మోతాదు తగ్గించి, మధ్యలో ఐఎన్ఆర్ చూస్తూ వాడవచ్చు. వానచినుకు గారి అమ్మగారి విషయంలో మోతాదు తగ్గించినా లాభం లేదు, మాత్రలో ముక్క కూడా పనికిరాదు. తేడా అక్కడుంది.

తెల్లగౌను
నర్సును. ఒకటి చేర్చకపోతే ఈ చర్చ చదివినవారు పొరబడతారు. మందు వల్ల ప్లేట్‌లెట్లు తగ్గితే రక్తమే కారుతుందని లేదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌తో వ్యవహారం తిరగబడుతుంది. ఇంజెక్షన్లు మొదలుపెట్టిన 5 నుంచి 10 రోజుల మధ్య ప్లేట్‌లెట్లు సగానికి పైగా తగ్గుతాయి, రక్తం మాత్రం ఎక్కడపడితే అక్కడ గడ్డకడుతుంది. అక్కడ యాంటీబాడీ ప్లేట్‌లెట్లను రెచ్చగొడుతుంది. మా వార్డులో ఒకాయనకు మోకాలి ఆపరేషన్ తర్వాత ఏడో రోజున ప్లేట్‌లెట్లు 70,000. రక్తం కారుతుందేమోనని అందరం కట్టు వంక చూస్తున్నాం, వాచింది రెండో కాలు. ఆ తర్వాత నేను సెలైన్ గొట్టం కడిగే హెపారిన్‌ను కూడా లెక్కలో రాయడం నేర్చుకున్నాను.

ఎండుగడ్డి
ఒక ప్రశ్న. నేను తలనొప్పికి ఆస్పిరిన్ వేసుకుంటాను (అన్నీ మానేశానన్నానే కానీ ఇది మానలేదు). వచ్చే బుధవారం పన్ను తీయించుకోవాలి. రెండు రోజుల ముందు ఆపితే చాలా?

మాత్రలపెట్టె
ఒకసారి ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ చచ్చేదాకా సరిగ్గా పనిచేయదు, దాని ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. కొత్తవి పుడుతూ ఉంటాయి కాబట్టి రోజురోజుకూ మెరుగవుతుంది. ఐబుప్రొఫెన్ ప్రభావం ఒక రోజులో పోతుంది. కానీ మీరే నిర్ణయించుకోకండి, పంటి డాక్టరుకు చెప్పండి, చాలాసార్లు ఆపకుండానే తీస్తారు. గుండెకు వాడేవారు అసలే ఆపకూడదు.

వానచినుకు
మూడు వారాల తర్వాత వస్తున్నాను. రక్తవ్యాధుల నిపుణురాలిని కలిశాం. కాగితం, అట్టలు బల్ల మీద పెట్టాను. ఆవిడ అట్టలను వరసగా పేర్చి, కళ్ళజోడు నుదుటి మీదకు తోసి, ఒక్కొక్కటీ కళ్ళకు దగ్గరగా పట్టుకుని చదివారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆపరేషన్ మాట రాసి ఉన్న పేజీ తీసి అడ్డంగా గీత గీశారు.

మళ్ళీ ఒక మాత్ర ఇచ్చి చూడవచ్చా అని అమాయకంగా అడిగాను. "మూడుసార్లు చూశాం కదమ్మా, ఇక చాలు" అన్నారు. మందు కలిపినప్పుడే ప్లేట్‌లెట్లకు అతుక్కునే యాంటీబాడీ ఉందేమో చూడడానికి రక్తం వేరే పరీక్షాశాలకు పంపారు. అందులో ఏమీ కనబడకపోయినా ఆ మందు నిర్దోషి అయిపోదని ముందే హెచ్చరించారు. ఫైలు మీద ఎర్రసిరాతో రెండు మందుల పేర్లూ రాశారు. అమ్మ పర్సులో పెట్టుకోవడానికి చిన్న కార్డు ఇచ్చారు, కంపెనీ పేర్లు కాకుండా అసలు పేర్లతో.

పాతరేకు
నా మజ్జ పరీక్షకు ముందు నేనేం మింగానో నన్ను ఎవరూ అడగలేదు. నాది నిజంగా ఐటీపీయే, ఆపరేషన్ తర్వాత కూడా అప్పుడప్పుడు పడుతూనే ఉన్నాయి కాబట్టి తెలుసు. అయినా రాత్రి కూర్చుని పాత చీటీలన్నీ తిరగేశాను.

వానచినుకు
అయిదు నెలలయింది. పరీక్ష ఫలితం అప్పుడే వచ్చింది, ఇక్కడ రాయడం ఆలస్యమైంది. సల్ఫామెథాక్సజోల్ కలిపినప్పుడు యాంటీబాడీ అతుక్కుంది, ట్రైమెథోప్రిమ్‌తో అతుక్కోలేదు. అయినా రెండూ వద్దన్నారు.

పోయిన వారం అమ్మకు మళ్ళీ ఇన్‌ఫెక్షన్ వచ్చింది. కొత్త డాక్టరు చీటీ రాయబోతుంటే నేను నోరు తెరిచేలోగా అమ్మే పర్సు తీసి కార్డు ముందు పెట్టింది. వేరే మందు ఇచ్చారు. నిన్నటికి తొమ్మిదో రోజు, ప్లేట్‌లెట్లు 2,40,000.

రాత్రి పడుకునే ముందు మాత్రం టార్చిలైటు వేసి కాళ్ళు చూసుకుంటోంది. తన కళ్ళు సరిగ్గా ఆనడం లేదని నన్నూ పిలిచి చూడమంటోంది.